షాట్‌కీ షాట్‌కీ మధ్య నడక: ఒక అమెచ్యూర్ గోల్ఫర్ కేసు

ఈ నివేదికలోని వ్యక్తి 49 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్. విశాఖపట్నంలో పన్నెండేళ్లుగా, వారానికి రెండు రౌండ్ల చొప్పున గోల్ఫ్ ఆడుతున్నారు. ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను మాత్రం మార్చాను. క్రీడా మనస్తత్వ సలహాదారుగా నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది బాడ్మింటన్, క్రికెట్ ఆడే పిల్లలు. గోల్ఫర్లు అరుదుగా వస్తారు, వచ్చినా చాలా ఆలస్యంగా వస్తారు, ఎందుకంటే తప్పు స్వింగ్‌లోనే ఉందన్న నమ్మకంతో ముందు కోచ్‌ల చుట్టూ, ఆ తర్వాత కొత్త డ్రైవర్ల (బంతిని దూరం కొట్టే కర్రల) చుట్టూ తిరిగి, అవన్నీ అయిపోయాక గానీ మనసు సంగతి వారికి గుర్తుకు రాదు.

ఈయన కూడా అలాగే వచ్చారు. రెండేళ్లలో హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు దెబ్బల లెక్క (తక్కువైతే ఆట మెరుగు), 13 నుంచి 17కి పెరిగింది. ప్రాక్టీస్ రేంజ్‌లో బంతి చెప్పినట్టు వింటోందని, స్వింగ్‌లో లోపమేమీ లేదని కోచ్ తేల్చారు. మొదటి సమావేశంలో ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "నేను ఈ ఆట మానేయాలా వద్దా, అది తేల్చి చెప్పండి." ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వెళ్లాక సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేకపోతున్నానని, "ఆటకు వెళ్లి వచ్చారా, ఆసుపత్రికి వెళ్లి వచ్చారా" అని భార్య అడుగుతోందని చెప్పారు. రౌండులోని పద్దెనిమిది హోల్స్‌లో మొదటి తొమ్మిదీ 43, 44 దెబ్బల్లో ముగించి, ఆ తర్వాత ఏదో ఒక హోల్ పాడైతే మిగిలిన రౌండంతా దాని వెనకే కొట్టుకుపోవడం తన అనుభవమని వివరించారు.

నిద్ర, ఆకలి, పని ఒత్తిడి, కుటుంబ పరిస్థితి గురించి విడిగా విచారించాను. ఆందోళన రుగ్మత అనదగిన లక్షణాలేవీ కనిపించలేదు. పట్ (బంతిని గుంటలోకి నేల మీద దొర్లించే చిన్న దెబ్బ) చేసేటప్పుడు మణికట్టు దానంతట అదే అదరడాన్ని గోల్ఫర్లు యిప్స్ అంటారు. అందులో కొన్ని నాడీ సంబంధమైనవి కూడా ఉంటాయి కాబట్టి వీడియో తీసి పరిశీలించాను. అటువంటి అదురు లేదు. ఉండి ఉంటే ఈ కేసు నా దగ్గర కాక ముందు న్యూరాలజిస్టు దగ్గర మొదలయ్యేది.

మైదానంలో చూసింది

గదిలో కూర్చుని గోల్ఫర్ చెప్పేది వినడం వల్ల తెలిసేది తక్కువ. ఆయన ఆడే మూడు రౌండ్లు, క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ముట్టుకోకుండా, నోట్‌బుక్, స్టాప్‌వాచ్ పట్టుకుని వెంట నడిచాను. మొదటి రౌండు 4 గంటల 20 నిమిషాలు పట్టింది, ఆయన 95 కొట్టారు. బ్యాగ్‌లోంచి క్లబ్ తీసినప్పటి నుంచి బంతి ఎగిరిపోయేదాకా సగటున అర నిమిషం, అంటే మొత్తం మీద 50 నిమిషాల లోపు. మిగిలిన మూడున్నర గంటలు నడక, ముందు గ్రూపు కోసం నిరీక్షణ, రఫ్‌లో, అంటే పొడవు గడ్డిలో, బంతి కోసం వెతుకులాట. ఈ లెక్క ఆయనకు చూపించినప్పుడు చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే నేను దిద్దుకుంటున్నది 50 నిమిషాల్నేనా" అన్నారు. ఆ తర్వాత జరిగిన పని అంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

ఆ మూడున్నర గంటల్లో ఆయన ఏం చేస్తున్నారు? చెడు షాట్ పడిన వెంటనే, నడుస్తూనే, చేతిలోని క్లబ్‌తో అదే స్వింగ్‌ను నాలుగైదుసార్లు మళ్లీ చేసి చూసుకుంటున్నారు. తోటి ఆటగాళ్లకు ఎందుకలా జరిగిందో వివరణ ఇస్తున్నారు. అడుగుల వేగం పెరుగుతోంది. బంతిని చేరకముందే తర్వాతి క్లబ్ నిర్ణయమైపోతోంది. మామూలుగా టీ (హోల్ మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద పాతిక సెకన్లు తీసుకునే మనిషి, బంతి హద్దు దాటి ఓబీ అయిన తర్వాత రెండో బంతిని పెట్టి 9 సెకన్లలో కొట్టేశారు. చిన్న పట్‌ల ముందు ఊపిరి బిగబడుతోంది, పటర్ మీద వేళ్లు తెల్లబడుతున్నాయి.

నా నోట్‌బుక్‌లో లేని విషయం కాడీ చెప్పారు. ఆయన వయసు యాభై దాటింది, ముప్పై ఏళ్లుగా బ్యాగ్ మోస్తున్నారు. పదో హోల్ దగ్గర నీళ్లు తాగుతూ ఉండగా అడిగితే, "సార్ బాగున్నప్పుడు ఏ క్లబ్ అని నన్నడుగుతారండి. కోపం వస్తే బ్యాగ్‌లోంచి ఆయనే లాగేసుకుంటారండి. అప్పుడింక నేనేం మాట్లాడనండి" అన్నారు. సముద్రపు గాలి గంటగంటకూ దిక్కు మార్చే ఊళ్లో, గాలి గురించి అందరికంటే బాగా తెలిసిన మనిషి, అత్యంత అవసరమైన క్షణంలోనే మౌనం వహిస్తున్నారన్నమాట. ఆ మౌనాన్ని ఏ మానసిక పరీక్షా పట్టుకోలేదు.

తర్వాత గత పది రౌండ్ల స్కోర్‌కార్డులు తెప్పించుకున్నాను. డబుల్ బోగీ (పార్, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల కంటే రెండు ఎక్కువ) గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిన హోల్స్ 38. వాటిలో 21, అంతకు ముందు హోల్‌లో కూడా డబుల్ బోగీ పడ్డాక వచ్చినవే. ఆయన చెడు హోల్స్ విడివిడిగా రావడం లేదు, గుంపులుగా వస్తున్నాయి.

నా విశ్లేషణ, నా మొదటి తప్పు

ఉద్రేకం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా పని చెడుతుందని 1908లో మనస్తత్వవేత్తలు యెర్క్స్, డాడ్సన్ చూపిన సూత్రం అందరూ ఉదహరించేదే. దాన్ని చెప్పి "శాంతంగా ఉండండి" అనడం వల్ల ఎవరూ శాంతపడరు. ఈ కేసుకు ఎక్కువగా పనికొచ్చినవి గోల్ఫ్ పటింగ్ మీదే జరిగిన మరికొన్ని ప్రయోగాలు. 1992లో రిచర్డ్ మాస్టర్స్ అనే పరిశోధకుడు, పటింగ్‌ను నియమాల జాబితాగా నేర్చుకున్నవారు ఒత్తిడిలో తడబడతారని, నియమాలు తెలియకుండా నేర్చుకున్నవారు అంతగా తడబడరని చూపారు. అలవాటుగా సాగిపోయే కదలికను ఒత్తిడి వేళ మనిషి మళ్లీ నియమాలుగా విడదీసి చూసుకోవడమే అక్కడి ప్రమాదం. నా క్లయింటు వృత్తే తప్పులు పట్టడం. ఎక్కడో మూడో పేజీలో తేలని అంకెను వెతికి పట్టుకున్నందుకే ఆయనకు పేరు వచ్చింది. అదే నేర్పుతో ఆయన ప్రతి షాట్‌నూ అక్కడికక్కడే ఆడిట్ చేస్తున్నారు. ఆఫీసులో అన్నం పెట్టిన గుణమే ఫెయిర్‌వే మీద ఆయన కాళ్లకు అడ్డం పడుతోంది.

ఇంత అర్థమైన తర్వాత కూడా నేను చేసిన మొదటి పని తప్పు. పాఠ్యపుస్తకాల్లో ఉండే పద్ధతి ప్రకారం, ప్రతికూలమైన ఆలోచన వచ్చినప్పుడల్లా దాని స్థానంలో సానుకూల వాక్యం పెట్టుకోమని చెప్పాను. "ఈ పట్ పడుతుంది", "నా స్వింగ్ బాగుంది" వంటి ఐదారు వాక్యాలు ఇద్దరం కలిసి రాశాం. మూడు వారాల తర్వాత ఆయన స్కోరు తగ్గలేదు సరికదా, ఆట మరింత బిగుసుకుంది. కారణం ఆయనే చెప్పారు: "మీరిచ్చిన మాట అనుకున్నప్పుడల్లా, అది ఎందుకు అనుకోవలసి వస్తోందో గుర్తొస్తోంది." పైగా, పడుతుందని ప్రకటించుకున్న పట్ పడకపోతే, బంతితో పాటు మాట కూడా తప్పినట్టే ఆయనకు అనిపించింది.

నేను ముందే గ్రహించవలసిన విషయమిది. ఒక ఆలోచనను రానివ్వకూడదని ప్రయత్నించేకొద్దీ అది వస్తుందని మనస్తత్వవేత్త డానియల్ వెగ్నర్ చేసిన పని ప్రసిద్ధం. 1998లో ఆయన బృందం దాన్ని పటింగ్ మీదే పరీక్షించింది. బంతి గుంట దాటిపోకూడదని గట్టిగా చెప్పి, అదే సమయంలో మనసుకు మరో భారం కూడా అప్పగిస్తే, బంతి సరిగ్గా దాటిపోవడం వైపే మొగ్గింది. "నీళ్లలో వెయ్యకూడదు" అనుకుంటూ నీళ్లలో వేసిన గోల్ఫర్లందరికీ ఇది ప్రయోగశాల అక్కర్లేని సత్యం. సానుకూల వాక్యం కూడా, దాని వెనక భయం ఉన్నంతకాలం, వేషం మార్చిన "వద్దు" మాత్రమే. నాలుగో వారంలో ఆ వాక్యాలన్నీ కొట్టేశాం.

నడకను మార్చడం

రెండో ప్రయత్నంలో స్వింగ్‌నూ ఆలోచనల్నీ వదిలేసి, నడకను మాత్రమే పట్టుకున్నాం. స్వీడన్ గోల్ఫర్ అన్నికా సోరెన్‌స్టామ్ కోచ్‌లుగా పేరుపొందిన పియా నిల్సన్, లిన్ మారియట్ బంతి వెనక ఒక ఊహారేఖ గీసి, దానికి ఇవతల ఆలోచన, అవతల ఆట మాత్రమే అని విభజించారు. ఆ విభజనను నేను వాడుకున్నాను గానీ, నా క్లయింటుకు అసలు సమస్య ఆ గీతకు చాలా వెనక, రెండు షాట్‌ల మధ్య ఉన్న రెండు వందల గజాల్లో ఉంది. అందువల్ల ఆ దూరాన్ని మూడు భాగాలు చేశాం.

మొదటి భాగంలో, క్లబ్ తిరిగి బ్యాగ్‌లోకి వెళ్లేదాకా కోపానికి అనుమతి ఉంది. తిట్టుకోవచ్చు, తల పట్టుకోవచ్చు. కానీ క్లబ్‌ను కాడీ చేతికి ఇచ్చిన క్షణంతో ఆ షాట్ మీద విచారణ ముగుస్తుంది. గాలిలో మళ్లీ స్వింగ్ చేసి చూసుకోవడం లేదు, తోటివారికి వివరణ ఇవ్వడం లేదు. కోపం వద్దని చెప్పకుండా దానికి ఒక గడువు మాత్రమే పెట్టడం ఆయనకు నచ్చింది.

రెండో భాగం నడక. దీనికి ఒకే నియమం: చూపు జెండా కర్ర ఎత్తుకు పైన ఉండాలి, అంటే కొండల మీద, చెట్ల మీద, మేఘాల మీద. తల వంచుకుని నడిచే మనిషి తన తప్పునే నెమరువేస్తాడన్నది నా పరిశీలన. ఇది నిరూపించిన విషయమని చెప్పను. ఆట గురించి కాక మరేదైనా మాట్లాడవచ్చు. మూడు హోల్స్‌కు ఒకసారి నీళ్లు, ఆరో హోల్ తర్వాత, పన్నెండో హోల్ తర్వాత అరటిపండో పల్లీపట్టీయో తప్పనిసరి. కోస్తా ఉక్కపోతలో ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు నడిచేవారి చిరాకులో కొంత భాగం మనసుది కాదు, నీళ్లు తగ్గిన ఒంటిది. మనస్తత్వ సలహాదారులు మొదట అడగవలసిన ప్రశ్న "ఏం తిన్నారు" అని నేను చాలాకాలంగా అంటున్నాను.

మూడో భాగం బంతికి పది అడుగుల దూరంలో మొదలవుతుంది. అక్కడ ఆగి కాడీని అడగాలి: దూరమెంత, గాలి ఎటు. ఇదివరకు "ఎంత?" అనే ఆయన ఇప్పుడు "ఏమంటారు?" అని అడగడం మొదలుపెట్టారు. వయసులో తనకంటే పెద్దవారిని మర్యాదగా అడగడమే అయినా, దాని ఫలితం మర్యాదతో ఆగలేదు. క్లబ్‌ను లాక్కోవడం, బంతి మీదకు దూసుకుపోవడం రెండూ ఆ ప్రశ్నతో ఆగిపోయాయి. జవాబు విన్న తర్వాత ఒక లక్ష్యం, నిదానంగా ఒక నిశ్వాసం, ఆ వెంటనే షాట్.

పటింగ్‌కు అదనంగా చూపును స్థిరపరిచే అభ్యాసం ఇచ్చాను. పటింగ్‌లో నేర్పరులైనవారు దెబ్బకు ముందు బంతి మీద రెండు, మూడు సెకన్లు కదలని చూపు నిలుపుతారని, బంతి వెళ్లిపోయాక కూడా చూపు ఒక క్షణం అక్కడే ఉంటుందని 1992లో పరిశోధకురాలు జోన్ విక్కర్స్ గమనించి, తర్వాత దానికి నిశ్చల దృష్టి అనే అర్థంలో పేరు పెట్టారు. ఇంట్లో తివాచీ మీద రూపాయి నాణెం మీద బంతి పెట్టి, బంతి వెళ్లాక ఆ నాణేన్ని చూడటం ఆయన రోజూ పది నిమిషాలు సాధన చేశారు.

ప్రొవిజన్

నిజమైన మలుపు మాత్రం నా పద్ధతుల వల్ల కాక, ఆయన వృత్తి భాషలోంచి వచ్చింది. ఐదడుగుల పట్ తప్పితే ఆయన దాన్ని నేరంగా భావించేవారు. అమెరికా పీజీఏ టూర్ ప్రొఫెషనల్స్ సైతం ఐదడుగుల నుంచి సుమారు 77 శాతం, ఎనిమిది అడుగుల నుంచి సుమారు 50 శాతం మాత్రమే వేయగలుగుతారని చెప్పినప్పుడు నమ్మలేదు; తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశారు. 17 హ్యాండిక్యాప్ అంటే పదిహేడు హోల్స్‌లో ఒక్కో దెబ్బ అదనంగా ఇచ్చినట్టు, కాబట్టి కార్డులో పార్ 4 అని ఉన్నచోట ఆయన పార్ నిజానికి 5. అయినా ఆయన పన్నెండేళ్లుగా ప్రతి 5నీ వైఫల్యంగానే రాసుకుంటున్నారు.

2020 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో, హ్యాండిక్యాప్ లెక్కకు ఒక హోల్ స్కోరు నెట్ డబుల్ బోగీని (ఆటగాడికి ఆ హోల్‌లో ఇచ్చిన అదనపు దెబ్బ కలిపిన డబుల్ బోగీని) మించి పరిగణించరు. అంతకు చాలా ముందే, ఒక్క హోల్ పాడైనంత మాత్రాన రౌండంతా చేజారిపోకూడదన్న ఉద్దేశంతో ఇంగ్లండ్‌లోని వాలసీలో డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్ల పద్ధతిని 1932లో పోటీగా నిర్వహించారు. అది ఇప్పటికీ మన క్లబ్బుల్లో ఆయన పేరుతోనే నడుస్తోంది. ఈ ఆటను నడిపించేవారే చెడు హోల్‌ను ఊహించి, దానికి హద్దు కట్టిపెట్టారని చెప్పగానే ఆయన నవ్వి, "రాని బాకీలకు ముందే ప్రొవిజన్ పెట్టుకున్నట్టు" అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి రౌండుకూ మూడు చెడు హోల్స్ ప్రొవిజన్‌గా కార్డు మూలన ముందే రాసుకోవడం మొదలుపెట్టారు. డబుల్ బోగీ పడితే ప్రొవిజన్‌లోంచి ఒకటి కొట్టేసి ముందుకు నడుస్తారు. మూడు వారాలు నేను రాయించిన సానుకూల వాక్యాల కంటే ఈ ఒక్క అకౌంటింగ్ పదం ఎక్కువ పనిచేసింది.

తొమ్మిదో వారం

తొమ్మిదో వారంలో క్లబ్ నెలవారీ మెడల్ పోటీ, అంటే మొత్తం దెబ్బలు లెక్కించే పోటీ. మొదటి టీ దగ్గర పదిహేను మంది చూస్తుండగా బంతి ఓబీ అయింది. నడక నియమాలన్నీ పాటించారు, ప్రొవిజన్ ఆరో హోల్‌కే అయిపోయింది, రౌండు 102తో ముగిసింది. మర్నాడు ఫోన్ చేసి, "చెప్పినవన్నీ చేశాను, పనిచేయలేదు" అన్నారు.

ఆ మాటలోనే లోపం దొరికింది. దేవుడికి కొబ్బరికాయ కొట్టినట్టు ఆయన పద్ధతి పాటించి, ప్రతిఫలంగా మంచి షాట్ ఆశిస్తున్నారు. బంతి ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి పద్ధతిని తూచితే, అది కూడా ఆడిట్‌లో మరో పద్దు అయిపోతుంది. అప్పుడు ఆయనకు ప్రొఫెషనల్ గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ సంగతి చెప్పాను. 2011 మాస్టర్స్ టోర్నమెంట్‌లో చివరి రోజు నాలుగు దెబ్బల ఆధిక్యంతో దిగి 80 కొట్టిన ఆ ఆటగాడు, రెండు నెలల తర్వాత యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు. ఇది అందరూ చెప్పుకునే కథే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది 2025 మాస్టర్స్ చివరి రోజు: మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ, పదమూడో హోల్‌లో వెడ్జ్ అనే క్లబ్‌తో కొట్టిన బంతి వాగులోకి, పద్దెనిమిదో గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద గెలుపు తెచ్చే సుమారు ఐదడుగుల పట్ తప్పడం, ఆ వెంటనే ప్లేఆఫ్‌లో అదే హోల్‌లో బర్డీతో (పార్ కంటే ఒక దెబ్బ తక్కువతో) విజయం. ఆ రోజు అతను ప్రశాంతంగా ఉన్నాడని టీవీ చూసినవారెవరూ అనలేరు. అన్ని తప్పుల తర్వాత కూడా తర్వాతి షాట్‌ను విడిగా ఆడగలిగాడు, అంతే.

అందుకని కార్డులో స్కోరు గడి పక్కన మరో గడి గీశాం. క్లబ్‌ను కాడీకి ఇవ్వడం, చూపు పైన ఉంచడం, "ఏమంటారు" అని అడగడం. ఈ మూడూ జరిగితే ఆ హోల్‌కు టిక్. బంతి ఎక్కడ పడినా టిక్‌కు సంబంధం లేదు. 8 కొట్టిన హోల్‌కు కూడా టిక్ పడవచ్చు, పార్ కొట్టిన హోల్‌కు పడకపోవచ్చు.

పదహారు వారాల తర్వాత

చివరి పది రౌండ్ల కార్డులను మొదటి పదితో పోల్చాను. సగటు స్కోరు 95 నుంచి 91కి తగ్గింది, హ్యాండిక్యాప్ 15కి వచ్చింది. డబుల్ బోగీలు 38 నుంచి 29కి తగ్గాయి. అసలు మార్పు అమరికలో ఉంది: ఈ 29లో వెంట వెంటనే వచ్చినవి 8 మాత్రమే. అంతకు ముందు హోల్‌లో డబుల్ బోగీ లేకుండా వచ్చిన చెడు హోల్స్ మొదట 17, ఇప్పుడు 21. అంటే ఆయన చెడు షాట్‌లు కొట్టడం మానలేదు. ఒకటి మరొకదాన్ని వెంటబెట్టుకు రావడం మానింది. ఆదివారం సాయంత్రాల గురించి అడిగితే, "టీ తాగేటప్పుడు మాట్లాడుతున్నానట" అని భార్య అభిప్రాయంగా చెప్పారు.

చిన్న పట్‌లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఊపిరి బిగబట్టడం పోయింది, వేళ్ల బిగువు తగ్గింది, కానీ ఐదడుగుల లోపు తప్పే పట్‌ల సంఖ్య దాదాపు అలాగే ఉంది. చూపు అభ్యాసానికి ఆయన ఇచ్చిన సమయం తక్కువా, లేక గ్రీన్ వాలును చదవడంలోనే లోపముందా అన్నది కోచ్‌తో కలిసి చూడవలసి ఉంది. ఫలితాలను తూచేటప్పుడు మరో రెండు సంగతులు మరువకూడదు. పని జూలైలో మొదలై నవంబరులో ముగిసింది. నవంబరు విశాఖలో ఎవరికైనా జూలై కంటే హాయిగానే ఉంటుంది. రెండోది, కాడీ ఇప్పుడు నోరు విప్పి మాట్లాడుతున్నారు, గాలిని సరిగ్గా చెబుతున్నారు. ఆ నాలుగు దెబ్బల్లో ఎన్ని కాడీ ఖాతాలో వేయాలో విడదీయడానికి నా దగ్గర దారి లేదు.

మొదటి టీ సమస్య ఇంకా అలాగే ఉంది. 2001లో సియాన్ బైలాక్, థామస్ కార్ చేసిన పటింగ్ ప్రయోగంలో, కెమెరా తమను చిత్రిస్తోందని తెలిసి సాధన చేసినవారు తర్వాత ఒత్తిడిలో అంతగా తడబడలేదు. దాన్ని ఆధారం చేసుకుని, రేంజ్‌లో నలుగురు స్నేహితులను వెనక నిలబెట్టి, ఒకే ఒక్క బంతితో డ్రైవ్ చేయించే సాధన మొదలుపెట్టాం. ఇప్పటికి రెండు సమావేశాలు జరిగాయి. రెండో దానికి ఆయన కాడీని కూడా పిలిచారు. ఆ రోజు బంతి కుడివైపు కంచె దాటి వెళ్లింది, ఆయన డ్రైవర్‌ను కాడీ చేతికి ఇచ్చి తలెత్తి కంచె అవతలి కొండను చూస్తూ నిలబడ్డారు. జనవరి మెడల్‌కు పేరు ఇచ్చారు.